రాజు దరువులో వచ్చిన నాటుకూలి

మిర్యాలగూడ నాటక పోటీల్లో మాకిచ్చిన మార్కుల కాగితం మీద, సంగీతం అన్న గడిలో, ఒక న్యాయనిర్ణేత ఇలా రాశారు: “మొదటి పాట వరుసనే చివరి పాటకూ వాడారు. కొత్త బాణీ కట్టే శ్రద్ధ కనబడలేదు.” పదికి మూడు వేశారు.

శ్రద్ధ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒకటి తేల్చాలి. ఆ వరుస నేను కావాలనే పెట్టాను. మర్చిపోయి పెట్టలేదు, బాణీలు కరువై పెట్టలేదు. ఆ నాటకంలో పదకొండు పాటలున్నాయి. మధ్యలో ఉన్న తొమ్మిదింటికీ తొమ్మిది వరుసలు నేనే కట్టాను. పదోది కట్టడం నాకో లెక్కా? మొదటి పాటకూ చివరి పాటకూ మాత్రం మా తాత మేళంలోని రాజు దరువు పెట్టాను. ఎందుకు పెట్టానో అడిగి ఉంటే చెప్పేదాన్ని. వాళ్లు అడగలేదు, అంకె వేశారు.

నేను కోదాడలో ఒక ప్రైవేటు బడిలో సంగీతం టీచర్ని. పొద్దున ప్రార్థన, ఆగస్టు పదిహేనుకు దేశభక్తి గీతాలు, వార్షికోత్సవం ముందు నెల రోజుల గొంతు నొప్పి, ఇదీ నా ఉద్యోగం. పుట్టింది మాత్రం సూర్యాపేటకూ కోదాడకూ మధ్య, హైవే దిగి లోపలికి పోయే ఒక ఊళ్లో. మా తాతకు బాగోతం మేళం ఉండేది. అందరూ మగవాళ్లే. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. నా పదమూడో ఏట హార్మోనియం వాయించే ఆయన అలిగి వేరే మేళానికి వెళ్లిపోతే, ఇక దిక్కులేక తాత నన్ను తెర వెనక కూర్చోబెట్టాడు. అప్పటికి ఇంట్లో నేను దాన్ని గిల్లి గిల్లి పాటలు పట్టేశానని ఆయనకు తెలుసు. కూర్చోబెట్టేటప్పుడు ఒక్కటే షరతు పెట్టాడు.

“ఏళ్లాడాలె, నోరు ఆడొద్దు.”

పదేళ్లు అలాగే వాయించాను. నా వేళ్లు వినబడ్డాయి గానీ నా గొంతు ఒక్కరోజు కూడా ఎవరికీ వినబడలేదు.

బాగోతంలో ప్రతి వేషానికీ ఒక ప్రవేశ దరువు ఉంటుంది. ఇద్దరు తెర పట్టుకుంటారు. వెనక నుంచి పాట ఎత్తుకుంటారు, వంతవాళ్లు దాన్ని అందుకుని మళ్లీ పాడతారు, తెర దిగుతుంది, వేషం అడుగులు వేస్తూ వస్తుంది. ఎవరి దరువు వారిది. మంత్రి దరువుకు రాజు రాడు, రాజు దరువుకు ద్వారపాలకుడు రాడు. మా మేళంలో రాజు మా పెద్దనాయిన. తాత పెద్ద కొడుకు. ఆయన దరువు మెల్లగా ఎక్కుతూ పైకి వెళ్లి, అక్కడ కాసేపు నిలబడుతుంది. ఆ నిలబడే చోట పెద్దనాయిన మీసం మీద చెయ్యి వేసేవాడు. జనం ఆ క్షణం కోసమే వచ్చేవారు. నిజం చెప్పాలంటే నేనూ ఆ క్షణం కోసమే వాయించేదాన్ని.

ఇన్నేళ్ల తర్వాత ఆ దరువును నేను కొత్త నాటకంలోకి తెచ్చాను. కథ చిన్నది. ఒక రాజు చెరువు తవ్విస్తాడు. ఆ చెరువు కట్ట కింద ఒక నాటుకూలి మడిచెక్క సగం పోతుంది. మిగిలిన సగానికి నీళ్లిస్తానని రాజు నలుగురిలో మాటిస్తాడు. నీళ్లన్నీ రాజు పొలాలకే పోతాయి. చివరి రంగంలో ఆమె ఒక్కతే కట్ట మీదికి వచ్చి, తూము తలుపు తానే ఎత్తుతుంది. రాజు ఆ రంగంలో లేడు.

మొదటి రంగంలో రాజు ఇలా వస్తాడు:

వస్తున్నడు మారాజు, వాకిళ్లు ఊడ్వండి,
తివాసీలు పరవండి, పక్కకు జరగండి.

చివరి రంగంలో ఆమె అదే వరుసలో వస్తుంది:

వస్తున్నది నాటుకూలి, వాకిళ్లు తెరవండి,
బురద కాళ్లు చూడండి, పక్కకు జరగండి.

ఇందులో అర్థం కానిదేముంది? గంట క్రితం కిరీటంతో విన్న వరుస ఇప్పుడు మోకాళ్ల దాకా బురదతో వస్తుంటే, బుర్ర కంటే ముందు చెవి పోల్చుకుంటుంది. ఇది నేను కనిపెట్టిన విద్య కూడా కాదు. మా ఊళ్లో ఆడపిల్లను అత్తగారింటికి సాగనంపే పాట వరుసలోనే, ఎవరైనా పోయినప్పుడు ఆడవాళ్లు శోకం పెట్టేవారు. పెళ్లిపందిట్లో అప్పగింతల పాట ఎత్తుకోగానే వెనక కూర్చున్న ముసలమ్మలు పెళ్లికూతురి కంటే ముందే ఎందుకు కొంగు కళ్లకు అద్దుకుంటారో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. ఆ వరుసలో వాళ్లకు పోయినవాళ్లంతా వినబడతారు. అక్కడికి ఏ జడ్జీ వచ్చి, పాత వరుసే పాడారని పదికి మూడు వేయలేదు.

నాటుకూలి వేషానికి నాకు దొరికినామె మిర్యాలగూడలో రైస్ మిల్లు పనికి వెళ్తుంది. నూకలు చెరగడం, గచ్చు మీద బియ్యం ఊడ్వడం, బస్తాల మూతులు కుట్టడం ఆమె పని. అంతకుముందు చాలా ఏళ్లు నాట్లు వేసింది. ఒక పెళ్లిలో పసుపు దంచుతూ ఆమె పాడుతుంటే విన్నాను. మైకు లేకుండా ఫంక్షన్ హాలు చివరి దాకా వినబడింది. ఆ పూటే అడిగాను, ఆమె ఆ పూటే సరే అంది. నాకంటే పెద్దదని అక్కా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. ఆదివారాలు బస్సెక్కి కోదాడ వచ్చేది, మా బడిలోనే రిహార్సల్.

రాజు వేషానికి పెద్దనాయిన తప్ప నాకు ఇంకొకరు తోచలేదు. ఆయనకు డెబ్బై దగ్గర పడుతున్నా అడుగు తప్పదు. వంతకు మా తాత మేళంలో మిగిలిన ఇద్దరు వచ్చారు. మద్దెలకు కోదాడ ఆయన. మొదటి మూడు ఆదివారాలు సంతోషంగా గడిచాయి. నాలుగో ఆదివారం చివరి రంగం పట్టాం. నేను హార్మోనియం మీద దరువు ఎత్తుకోగానే, మూలన బెంచీ మీద టీ తాగుతున్న పెద్దనాయిన లేచి నిలబడ్డాడు. లేచాక గానీ తనెందుకు లేచాడో ఆయనకు తెలియలేదు.

“గిదేందే?” అన్నాడు.

“ఆమె ప్రవేశం, పెద్దనాయినా.”

“ఆమె ప్రవేశానికి నా దరువెందుకు?”

“మొదటి సీన్ల నీకు పక్కకు జరిగినోళ్లంత ఇప్పుడు ఆమెకు జరగాలె. గందుకే పెట్టిన.”

“రాజు దరువు రాజుకే బిడ్డా. మా నాయిన నాకిచ్చిండు. ఆయనకు ఆయన గురువిచ్చిండు. గట్ల చేతులు మారుకుంట వచ్చింది గది. ఎవలకు పడితె వాళ్లకు ఇచ్చేది గాదు.”

“మరి తాత నాకెందుకియ్యలే? పదేండ్లు వాయించిన గద.”

“నువ్వు వాయించినవ్. ఎవలు గాదన్నరు? వాయించుడు ఏరు, దరువు ఏరు. ఆడిపిల్లకు దరువేంది?”

ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ అన్నందుకు కాదు, మామూలుగా అన్నందుకు. సాయంత్రం వాన పడుతుందేమో అన్నట్టు అన్నాడు. ఆ క్షణంలో నాటకం ఎలా పోయినా సరే, ఆమె ఆ దరువులోనే రావాలని గట్టిగా అనుకున్నాను. అంతవరకు అది పాట కోసం చేసిన ఆలోచన. అక్కడి నుంచి నా పట్టుదల అయింది.

పెద్దనాయిన గొణుగుతూనే ఉన్నా వేషం మానలేదు. పోటీలకు ముందు సూర్యాపేటలో ఒక ప్రదర్శన ఇచ్చాం. ఒక కాలనీవాళ్లు వినాయక నవరాత్రులకు పిలిచారు. పొద్దుగూకుతుండగా మొదలుపెట్టాం. పెద్దనాయిన ప్రవేశానికి ఈలలు పడ్డాయి. ఆఖరి రంగం వచ్చేసరికి ఆయన తన పని అయిపోయిందని స్టేజీ వెనక కుర్చీలో కూర్చుని, కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని మిరపకాయ బజ్జీ తింటున్నాడు. నేను దరువు ఎత్తుకున్నాను. అక్క స్టేజీ మధ్యకు వచ్చింది. మరో పక్క నుంచి గజ్జెలు వినబడ్డాయి.

తల ఎత్తి చూస్తే పెద్దనాయిన. బట్టతల, ఒక భుజానికి భుజకీర్తి ఉంది, రెండోదానికి లేదు. ఎడమ చేతిలో సగం బజ్జీ. దరువు వినగానే కాళ్లు ఆయన్ను లేపి తీసుకొచ్చేశాయి. ఎప్పుడూ నిలబడే చోటికి వచ్చి నిలబడి, మీసం మీద చెయ్యి వేసి, అప్పుడు చూశాడు ఎదురుగా ఎవరున్నారో. జనంలోంచి ఒకడు “మారాజు మళ్లొచ్చిండురో!” అని అరిచాడు. అక్క పాట ఆపలేదు. ఆపాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు కదా. సరిగ్గా ఆయన మొహంలోకి చూస్తూ “పక్కకు జరగండి” అని పాడింది. ఆయన జరిగాడు.

పందిరి దద్దరిల్లింది. చప్పట్లు, కేకలు. నాకు నవ్వు ఆగలేదు. హార్మోనియం మీదికి వంగి నవ్వాను. ఆయన వెళ్తూ వెళ్తూ నన్ను చూశాడు. ఆ నవ్వు నా తప్పే, ఒప్పుకుంటాను. దరువు విషయంలో మాత్రం నా తప్పు లేదు.

ప్రదర్శన అయ్యాక ఆయన ముఖం మీది రంగు తుడుచుకుంటూ అన్నాడు:

“నలబై ఏండ్ల సంది ఆ దరువు లేస్తె నా కాళ్లు లేస్తయి. నేను లేపుత లేను, అవ్వే లేస్తయి. నా కాళ్లను నవ్వులపాలు జేసినవ్ నువ్వు.”

ఆయన ఇంకా అన్నాడు: “మిర్యాలగూడల గది మారాలె. మారకుంటె వంత లేదు.” వంతవాళ్లిద్దరూ నేల చూపులు చూశారు. వాళ్లు ఆయన మనుషులు, ఆయన వెంట ఊరూరా తిరిగినవాళ్లు.

మద్దెల ఆయన నన్ను పక్కకు పిలిచాడు. ఉండేది కోదాడలోనే అయినా ఆయనది ఆంధ్రా సరిహద్దు అవతలి ఊరు.

“ఎందుకండీ మేడం ఈ గొడవ? ఆ ఒక్క వరుసా మార్చేస్తే పోద్ది కదా. పెద్దాయన్ని బాధపెట్టి మనం ఏం సాధిస్తామండీ?”

మార్చాను. అబద్ధం చెప్పను, రెండు రోజులు కూర్చుని నిజంగానే మార్చాను. పెద్దనాయిన కాళ్ల మాట నన్ను నిద్రపోనివ్వలేదు. కొత్త వరుస బాగా వచ్చింది కూడా. జాలిగా, సాగుతూ, వినగానే మనసు కరిగేలా ఉంది. తర్వాతి ఆదివారం అక్కకు నేర్పాను. ఒక్కసారికే పట్టేసింది.

“బాగనే ఉంది టీచరమ్మా. ఇంటుంటె ఏడుపొస్తున్నది. కాని నేను ఏడ్సుకుంట వస్తలేను గద గాడికి? తూము ఎత్తనీకి వస్తున్న.”

“పాత దానికీ దీనికీ నీకేం తేడా తెలుస్తున్నదక్కా?”

“మిల్లుల పొద్దంత వంగే ఉంటం. ఇంటికి పోయినంక గూడ నడుము లేవది. గా పాతది ఎత్తుకుంటె లేస్తది. నువ్వు ఇది పాడుమంటె పాడుత. నడుము మాత్రం లేవది, మరి నీ ఇష్టం.”

ఆ మాటతో రెండు రోజుల పని చింపి పారేశాను. జాలి పుట్టించడానికి మంచి వరుసలు లక్ష ఉన్నాయి. కూలిమనిషి స్టేజీ ఎక్కితే జాలి వరుసే ఇవ్వాలని ఎవరు రాసిపెట్టారు? రాజుకేమో ఠీవి, ఆమెకేమో కన్నీళ్లు. నేనూ అదే చేయబోయాను. చేసి, బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా. అందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

పెద్దనాయినకు ఫోన్ చేసి దరువు మారదని చెప్పాను.

“నా వేషం నేను వేస్త. మాట ఇచ్చిన గనక వేస్త,” అన్నాడు. “ఆ పాట టైముకు బయటికి పోత. వంత సంగతి నన్నడగకు.”

మిర్యాలగూడలో మాకు పొద్దున పదకొండు గంటల వంతు పడింది. ముందు వరుసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు, వెనక వంద మంది దాకా జనం. పెద్దనాయిన రాజుగా వచ్చి హాలును కట్టిపడేశాడు. నా మీద కోపం ఆయన అడుగుల్లో పిసరంత కూడా కనబడలేదు. అంత కోపంలోనూ వేషానికి అన్యాయం చేయనందుకు ఆయనంటే ఇప్పటికీ గౌరవం. ఆఖరి రంగానికి ముందు గజ్జెలు విప్పి, కిరీటం సంచిలో పెట్టుకుని, చెప్పినట్టే హాలు దాటి రోడ్డు అవతల టీకొట్టు దగ్గరికి వెళ్లిపోయాడు.

తెర పట్టారు. దరువు ఎత్తుకున్నాను. అక్క మొదటి పాదం పాడింది. వంత అందుకోవాలి.

అందుకోలేదు.

ఇద్దరూ తాళాలు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నారు. దరువుకు వంత లేకపోతే ఎలా ఉంటుందో చెప్పలేను. ఒకరు మాట్లాడుతుంటే ఎదుటివాడు లేచి వెళ్లిపోయినట్టు ఉంటుంది. అక్క రెండు అడుగులు వేసి ఆగింది. నా వైపు చూసింది. మద్దెల ఆయన చెయ్యి తడబడింది. ముందు వరుసలో ఒకరు తల వంచి ఏదో రాసుకుంటున్నారు.

నేను నోరు తెరిచాను.

అంతకన్నా గొప్పగా చెప్పడానికేం లేదు. బడిలో రోజూ పాడే గొంతే, పిల్లలకు సరిగమలు చెప్పే గొంతే. కానీ దరువులో అది మొదటిసారి. “వస్తున్నది నాటుకూలి” అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. శ్రుతి కొంచెం జారింది. రెండోసారికి సర్దుకుంది. అక్క నడుము లేవడం నా కళ్లతో చూశాను. ఆమె అడుగు వేసింది, రాజు అడుగు కాదు, నాటు మడిలో ఒడ్డు నుంచి ఒడ్డుకు పోయే అడుగు, తొందర తొందరగా. పైకి ఎక్కాక నిలబడాల్సిన చోట ఆమె నిలబడలేదు, దాటుకుని వెళ్లిపోయింది. నేను వెంట పరుగెత్తాను. మద్దెల మా వెంట పరుగెత్తింది. మూడో చరణానికి వంతవాళ్లలో ఒకరి తాళం తనంతట తానే మోగడం మొదలుపెట్టింది. ఆయన నోరు మాత్రం చివరి దాకా విప్పలేదు.

అక్క తూము ఎత్తింది. తెర పడింది. చప్పట్లు బాగానే పడ్డాయి, బహుమతి ఏదీ రాలేదు. అక్క మార్కుల కాగితం చదవమంది, చదివాను. “మూడా? మా మిల్లుల గూడ గింత తక్కువియ్యరు” అని నవ్వేసి, రేపు పొద్దుటి డ్యూటీ ఉందని ఇంటికి వెళ్లిపోయింది.

మిగతా వాళ్లం కోదాడ బస్సెక్కాం. పెద్దనాయిన నా ముందు సీట్లో కూర్చున్నాడు, ఒళ్లో కిరీటం సంచి. హుజూర్‌నగర్ దాటేదాకా వెనక్కి తిరగలేదు. నేనూ పలకరించలేదు. సూర్యాపేటలో నవ్వినందుకు క్షమాపణ ఆ రోజు ఫోన్లోనే చెప్పాను, వంత లేకుండా చేసినందుకు ఆయన నాకు చెప్పాలి. చెప్పడని తెలుసు. రెండు పక్కలా వరి పచ్చగా ఉంది. అప్పుడు తల తిప్పకుండానే అన్నాడు:

“ఎక్కినంక ఆగాలె.”

“ఏందది?”

“దరువుల. పైకెక్కినంక జర జాగ ఉంటది. గాడ ఆగకుండ ఉరికిన్రు ఇద్దరు. మైకుల ఇనొచ్చింది నాకు, రోడ్డు మీదికి.”

“రాజు ఆగుతడు పెద్దనాయినా. ఆయనకేం తొందర? ఆమె పొలం ఎండుతున్నది. ఆమె ఆగదు.”

“ఆగకుంటె గది రాజు దరువెట్లయితది?”

“రాజుదే. రాజుదని ఎరికైతెనే గద, ఆమె తీసుకున్నదని ఎరికయ్యేది.”

ఆయన సంచిని ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదికి మార్చుకున్నాడు. కండక్టర్ వచ్చి టికెట్లు చూసి పోయాడు.

“అడగకుంట తీసుకున్నది,” అన్నాడు పెద్దనాయిన.

“అవును,” అన్నాను. “నేను గూడ.”

నేను కిటికీ వైపు తిరిగి ఆ దరువు మొదటి నుంచి ఎత్తుకున్నాను. మెల్లగా కాదు, బస్సులో అందరికీ వినబడేలా. పైకెక్కాక ఆగలేదు. ఆయన ఆపమనలేదు.